చదువలేని లెక్క మనది కాదు

తెలుగు అధ్యాపకునికి యంత్రాలతో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఛందస్సు, వ్యాకరణం చెప్పుకొనే నాకు ప్రయోగశాల వైపు పోవలసిన అవసరం సాధారణంగా కలుగదు. అయినా వార్షిక సంచికకు వ్యాసం కావాలని సంపాదక వర్గం వారు కోరినప్పుడు నా మనసులో మెదిలింది కావ్యమూ కాదు, ప్రబంధమూ కాదు. భౌతికశాస్త్ర విభాగంలోని ఇనుప అల్మారాలో ఏళ్ల తరబడి దుమ్ముపట్టి పడి ఉండిన ఒక చిన్న పెట్టె. దాని కథ చెప్పి, ఆ కథ నుండి మన కళాశాల నేర్చుకోవలసింది ఏమిటో విద్యార్థులకు, యాజమాన్య సంఘం వారికి విన్నవించుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ పెట్టెను ఆంగ్లంలో డేటా లాగర్ అంటారు. అనగా కొలతలను తనంతట తాను వ్రాసి పెట్టుకొనే సాధనం. ఉష్ణోగ్రతనో, విద్యుత్ పీడనాన్నో నిర్ణీత కాలానికి ఒకసారి కొలిచి, ఆ అంకెను దాచుకొని, అడిగినప్పుడు కంప్యూటరుకు అప్పగిస్తుంది. మన ప్రాంతపు మాటలో చెప్పాలంటే యంత్రం వ్రాసే రోజ్‌నామ్చా. మనిషి నిద్రపోయినా అది నిద్రపోదు. మన పెట్టెతో పాటు ఒక సి.డి. వచ్చింది. ఆ సి.డి.లోని కార్యక్రమం ఒక పాత విండోస్‌లో మాత్రమే నడిచేది. ఆ విండోస్ ఉన్న పాత కంప్యూటరు పోయింది. కొత్త కంప్యూటరు ఆ సి.డి.ని అంగీకరించలేదు. అమ్మినవారిని అడిగితే ఆ నమూనా తయారీ ఆపివేశామనీ, కొత్తది కొనుక్కోవచ్చుననీ సమాధానం వచ్చింది. స్టాకు రిజిస్టరులో ఆ పెట్టె పేరు పక్కన ఎర్ర సిరాతో ‘పనిచేయదు’ అని వ్రాశారు. తరువాత దాని సంగతి ఎవరూ అడుగలేదు.

క్రిందటి సంవత్సరం డిగ్రీ విద్యార్థి ఒకడు దానికి కరెంటు కలిపి చూచి, “సర్, దీని దీపం వెలుగుతున్నది. చెడిపోయిందని ఎవరన్నారు?” అని అడిగాడు. అతని ప్రశ్నకు మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. పెట్టె నిక్షేపంగా ఉన్నది. అది మాట్లాడే భాషను మన కంప్యూటరుకు చెప్పే దుబాసీ మాత్రమే కరువయ్యాడు. కంప్యూటరువారు ఆ దుబాసీని డ్రైవర్ అంటారు. రెండు పక్షాలూ సజీవంగా ఉండి, నడుమనున్న దుబాసీ పోయినందుకే మనం ఆ పెట్టెకు మరణ ధ్రువపత్రం వ్రాశామన్న మాట.

ఆ విద్యార్థి కంప్యూటరులో విండోస్ లేదు, లినక్స్ ఉన్నది. ఈ పేరు క్రొత్తగా వింటున్నవారి కోసం రెండు మాటలు. 1991లో ఫిన్‌లాండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన వ్యవస్థ యిది. అంతకు ముందు 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళికలో తయారైన సాధనాలతో కలిసి పూర్ణరూపం పొందింది. దీని అంతరంగపు వ్రాత అంతా బహిరంగం. ఎవరైనా చదువవచ్చు, దిద్దవచ్చు, పంచిపెట్టవచ్చు. స్టాల్‌మన్ ఈ దారి పట్టడానికి వెనుక ఉన్నది కూడా ఒక మొండి యంత్రమే. ఆయన పనిచేసే ప్రయోగశాలకు జిరాక్స్ సంస్థ ఒక లేజర్ ప్రింటరును ఇచ్చింది. అందులో కాగితం మాటిమాటికీ ఇరుక్కునేది. కార్యక్రమపు మూలం ఇస్తే మరమ్మతు చేసుకుంటానని ఆయన వెళ్లి అడిగితే, ఎవరికీ చూపనని సంతకం చేశానంటూ దానిని కలిగిన పండితుడు నిరాకరించాడు. చేతిలో ఉన్న యంత్రాన్ని తానే బాగుచేసుకొనే హక్కు మనిషికి ఉండాలన్న పట్టుదల ఆయనలో అలాంటి అనుభవాలతో గట్టిపడింది.

ఇక మన పెట్టె సంగతి. దాని వెనుక ఉన్నది పాతకాలపు తొమ్మిది సూదుల సీరియల్ ద్వారం. ఇప్పటి కంప్యూటర్లకు అది ఉండదు కనుక, సీరియల్‌ను యు.ఎస్.బి.గా మార్చే తీగ ఒకటి తెచ్చారు. లినక్స్‌లో ప్రతి పరికరమూ ఒక ఫైలుగా కనబడుతుంది. తీగ తగిలించగానే ‘డెవ్’ అనే సంచిలో ‘టి.టి.వై. యు.ఎస్.బి. సున్నా’ అనే పేరుతో ఒక ఫైలు పుట్టాలి. మాకు అది పుట్టి క్షణంలో మాయమైపోయింది. తీగ చెడ్డదని ఒకరు, పెట్టె చెడ్డదని ఒకరు. చివరకు వ్యవస్థ తన దినచర్యలో వ్రాసుకున్న వాక్యాలను ఓపికగా చదివితే అసలు సంగతి తెలిసింది. అంధుల కోసం బ్రెయిలీ లిపి పలకలను నడిపే కార్యక్రమం ఒకటి ఆ వ్యవస్థలో ఉన్నది. కొన్ని బ్రెయిలీ పలకలలోనూ మా తీగలోనూ ఉన్న చిప్పు ఒకే రకం కావడం వలన, తన పలకే వచ్చిందని భ్రమించి అది మా తీగను పట్టుకుంటున్నది. 2022లో వచ్చిన ఉబుంటు కూర్పులో ఈ చిక్కు చాలామందికి ఎదురైంది. మా తరగతిలో బ్రెయిలీ వాడేవారు లేరు గనుక ఆ కార్యక్రమాన్ని తొలగించాము. ఉన్నట్లయితే వేరు మార్గం వెదకవలసి వచ్చేది.

ఫైలు నిలిచింది. తెరువబోతే అనుమతి లేదన్నది. సీరియల్ ద్వారాలను వాడుకొనే హక్కు ‘డయలవుట్’ అనే వర్గంలోని సభ్యులకే ఉంటుంది. విద్యార్థి పేరును ఆ వర్గంలో చేర్చి, ఒకసారి బయటికి వచ్చి మళ్లీ ప్రవేశిస్తే ఆ గండం గడిచింది. తరువాత పెట్టె మాట్లాడింది గాని, వచ్చినదంతా అర్థం లేని గుర్తుల గుంపు. ఇక్కడ నా అక్కర కలిగింది. అల్మారా అడుగున, పాత రిజిస్టర్ల క్రింద, పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకం దొరికింది. భాష తెలిసినవారు చదివి పెట్టమని నన్ను పిలిచారు. చివరి పుటలలో ఒక పట్టిక ఉన్నది. పెట్టె సెకనుకు 4800 బిట్ల వేగంతో మాట్లాడుతుందనీ, ఏ అక్షరం పంపితే ఏ జవాబు ఇస్తుందనీ అందులో ముద్రించి ఉన్నది. మావాళ్లు 9600 వేగంతో వింటున్నారు. వేగం సరిచేయగానే తెరమీద అంకెలు వరుసగా దిగాయి. తేదీ, సమయం, ఉష్ణోగ్రత, నడుమ కామాలు. అంతే. పదిహేను వరుసలైనా లేని చిన్న పైథాన్ కార్యక్రమం వ్రాసి ఆ అంకెలను మామూలు వ్రాతఫైలులో చేర్చారు. రిజిస్టరులో ఎర్ర సిరా మాటను కొట్టివేసి ‘పనిచేయుచున్నది’ అని వ్రాసిననాడు ఆ విభాగంలో పండుగ వాతావరణం కనిపించింది.

ఆ ధైర్యంతో విద్యార్థులు మేడమీద మరొక ఉష్ణమాపకం పెట్టారు. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరు, డి.ఎస్. 18 బి 20 అనే మూడు కాళ్ల చిన్న పరికరం. దీనిని కూడా లినక్స్ ఒక ఫైలుగానే చూపుతుంది. అందులో 31250 అని ఉంటే 31.25 డిగ్రీలు అని అర్థం. ఒకనాడు మధ్యలో 85 డిగ్రీలు అని పడింది. చెన్నూరు ఎండలు ఎంత తీవ్రమైనా అంత కావు గదా! ఆ పరికరానికి విద్యుత్తు అందిన వెంటనే, ఇంకా ఏమీ కొలువక ముందు, దానిలో ఉండే ఆరంభపు అంకె 85 అని తెలిసింది. మరొకనాడు కరెంటు పోయి వచ్చిన తరువాత గడియారమే వెనుకబడి, మధ్యాహ్నపు వేడి తెల్లవారుజామున నమోదైంది. మేము వాడిన నమూనాలో కరెంటు లేనప్పుడు కాలాన్ని గుర్తుంచుకొనే గడియారం లేదు. బ్యాటరీ గల చిన్న గడియారపు చిప్పును వేరుగా కలుపవలసి వచ్చింది. ఈ రెండు తప్పులనూ పట్టుకోగలగడానికి కారణం ఒక్కటే. వచ్చిన అంకె వచ్చినట్లుగా మా కళ్లముందు ఉన్నది. ముద్దైన రంగుల గీతను మాత్రమే చూపి, లోపలి అంకెలను దాచిపెట్టే కార్యక్రమమైతే ఆ గీతనే నమ్మి ఊరుకునేవాళ్లం.

ఇది కేవలం యంత్రాల ముచ్చట కాదని ఇప్పుడు చెప్పవలసి ఉన్నది. నిజాం రాష్ట్రంలో మొదట ఫార్సీ, తరువాత ఉర్దూ పరిపాలనా భాషలు. పహాణీ, సేత్వార్, మున్తఖబ్, వసూల్ బాకీ అనే మాటలు నేటికీ మన తహసీలు కార్యాలయాలలో వినబడుతున్నాయి. భూమి దున్నేది రైతు. ఆ భూమి లెక్క ఉండేది పట్వారీ దస్త్రంలో. ఆ దస్త్రాన్ని రైతు చదువలేడు. పట్వారీ ఏది చదివి వినిపిస్తే అదే అతని హద్దు, అదే అతని శిస్తు. ఉర్దూ మాతృభాషగా పెరిగిన నేను ఆ భాషను నిందించడానికి ఈ మాట అనడం లేదు. గొలుసుకట్టు షికస్తా వ్రాతను చదువలేక పట్వారీ గడప ముందు నిలబడిన పేద ముసల్మాను రైతులూ ఉండినారు. దోషం భాషది కాదు. ఒకరి బ్రతుకు లెక్కను, అతడు చదువలేని వ్రాతలో, అతని చేతికి అందని దస్త్రంలో ఉంచడమే దోషం. నేడు అమ్మకందారుకు మాత్రమే తెలిసిన ఫైలు రూపంలో మన కొలతలను దాచే పరికరం కొత్త పట్వారీ కాక మరేమిటి?

చరిత్రలో కొంచెం దూరం పోయినా ఈ మాటకు సాక్ష్యం దొరుకుతుంది. ఈజిప్టు రాజధాని కైరోలో, రౌదా ద్వీపం మీద, నైలు నది మట్టాన్ని కొలిచే మిక్యాస్ అనే కట్టడం ఉన్నది. అబ్బాసీ ఖలీఫా అల్ ముతవక్కిల్ కాలంలో, 861వ సంవత్సరంలో దానిని నిర్మించారు. నడుమ గుర్తులు చెక్కిన రాతి స్తంభం. నీరు ఎంత ఎక్కితే ఆ యేటి పంట అంత, పన్ను అంత. అందుచేత ఆ స్తంభం మీది అంకె రాజ్య రహస్యమంత విలువైనదయింది. నీరు పదహారు మూరలు నిండేదాకా దాని పెరుగుదలను ప్రజలకు చాటవద్దని ఫాతిమీ ఖలీఫా అల్ ముయిజ్ ఆజ్ఞాపించినట్లు చరిత్రకారులు వ్రాశారు. మట్టం తక్కువని తెలిస్తే వర్తకులు ధాన్యం దాస్తారనీ, జనం బెదురుతారనీ ఆయన భయం. ఆ ఆజ్ఞలో సదుద్దేశం ఉండవచ్చు. అయినా తన పొలం మీదికి రాబోయే నీటి సంగతి తనకు తెలియకుండా పోయినవాడు రైతే గదా!

మన ఇంటి నది దగ్గరికి వద్దాము. చెన్నూరు వద్ద గోదావరి ఉత్తర దిశగా ప్రవహిస్తుంది గనుక మనవారు దీనిని పంచక్రోశ ఉత్తరవాహిని అని పవిత్రంగా భావిస్తారు. ఆ గోదావరి 2022 జూలైలో ఎంత ఉగ్రరూపం దాల్చిందో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఆ నెలలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. వెంటనే పెద్దలందరి నోటా 1986 మాట వచ్చింది. ఆ సంవత్సరం ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు నమోదైంది. ముప్పయి ఆరేళ్ల ఎడంగల రెండు వరదలను మనం ఒకే వాక్యంలో పోల్చగలిగాము. ఎందుచేత? ఒక మనిషి నీటిలో నిలిపిన కొలబద్దను చదివి, ఎవరైనా చదువగల అంకెలతో, ఎవరైనా తెరువగల పుస్తకంలో వ్రాసిపెట్టాడు గనుక. అదే 1986 లెక్క ఒక యంత్రపు రహస్య రూపంలో ఉండి, ఆ యంత్రాన్ని చేసిన సంస్థ మధ్యలో మూతబడి ఉంటే? వరద వచ్చిన మాట పెద్దల జ్ఞాపకంలో మిగిలేది, అంకె మాత్రం నీళ్లలో కలిసిపోయేది. పొలం మునిగిన రైతు నష్టపరిహారానికి పోయినప్పుడు జ్ఞాపకం సాక్ష్యం కాదు. అంకె కావాలి.

ఈ వాదానికి ఎదురు లేకపోలేదు. లినక్స్ కష్టమనీ, చెడిపోతే ఎవరికి ఫోను చేయాలనీ ఒక సహోద్యోగి అడిగారు. నిజమే. మన పెట్టెను మాట్లాడించడానికి మూడు వారాలు పట్టింది. ఆ ముద్రిత పట్టిక దొరకకపోతే మా ప్రయత్నం అక్కడే ఆగిపోయేదేమో. కొన్ని పరికరాలు నేటికీ లినక్స్‌తో పలుకవు. అంతేకాదు, కొలతలను మామూలు వ్రాతఫైలుగా ఇచ్చి, తన సంభాషణ పద్ధతిని ముద్రించి ఇచ్చే పరికరమైతే దానిని విండోస్‌లో వాడినా నాకు అభ్యంతరం లేదు. నేను ఒక వ్యవస్థకు భజన చేయడం లేదు. కాని అమ్మినవాడికి ఫోను చేయగలగడమే భద్రత అనుకుంటే, మన పెట్టె విషయంలో ఆ ఫోనుకు వచ్చిన సమాధానం ఏమిటో గుర్తు తెచ్చుకుందాము.

2014 అక్టోబరులో జరిగిన సంగతి మరొకటి. యు.ఎస్.బి. తీగలలో వాడే చిప్పులకు పేరుపొందిన ఎఫ్.టి.డి.ఐ. సంస్థ విండోస్ ద్వారా ఒక కొత్త డ్రైవరును పంపింది. తమ చిప్పుకు నకళ్లుగా తయారైనవి తగిలితే అది వాటి గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చివేసేది. దానితో ఆ తీగలు మూగబోయాయి. నకలును ఎదుర్కొనే హక్కు ఆ సంస్థకు ఉండవచ్చు. కాని తెలియక ఆ తీగ కొనుక్కున్న విద్యార్థి చేసిన నేరం ఏమిటి? గగ్గోలు పుట్టిన తరువాత ఆ డ్రైవరును వెనుకకు తీసుకున్నారు. అదే నెలలో లినక్స్ వారు సున్నా సంఖ్య గల తీగలను కూడా గుర్తించేటట్లు తమ వ్రాతలో చిన్న చేర్పు చేసుకున్నారు. మూలం చేతిలో ఉన్నవాడికీ లేనివాడికీ తేడా యింతే.

ఇదంతా విదేశాల ముచ్చట అని ఎవరూ అనుకోనక్కరలేదు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం స్థాపించిన ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ ఢిల్లీలో ఉన్నది. అక్కడి శాస్త్రవేత్త అజిత్ కుమార్, ఆయన సహచరులు 2004లో ఫీనిక్స్ అనే ప్రణాళికను ప్రారంభించారు. ఖరీదైన పరికరాలు కొనలేని కళాశాలలలో కూడా కంప్యూటరుతో ప్రయోగాలు జరగాలన్నది వారి ఆశయం. దాని నుండి ఎక్స్‌పైస్ అనే చేతిపెట్టె రూపొందింది. యువ ఇంజనీర్ల, శాస్త్రవేత్తల ప్రయోగాలు అనే అర్థం గల ఆంగ్ల నామానికి అది సంక్షిప్త రూపం. యు.ఎస్.బి. తీగతో కంప్యూటరుకు తగిలిస్తే ధ్వని వేగాన్ని కొలువవచ్చు, లోలకం ఊగే తీరును గీయవచ్చు, కెపాసిటరులోని విద్యుత్తు తగ్గిపోయే క్రమాన్ని క్షణక్షణమూ చూడవచ్చు. దాని పటం బహిరంగం, కార్యక్రమం బహిరంగం. డెబియన్ అనే లినక్స్ కూర్పు భాండారంలో అది చేరి ఉన్నది. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో కంప్యూటరు విద్య ఏళ్ల తరబడి లినక్స్ మీదనే సాగుతున్నది. మన హైదరాబాదులోనే స్వేచ్ఛ సంస్థవారు లినక్స్‌ను తెలుగులో అందించడానికి కృషి చేశారు. దారి ఉన్నది, నడిచినవారు ఉన్నారు. నడవవలసింది మనం.

ఇక యాజమాన్య సంఘం వారికి నా మనవి నాలుగు మాటలలో చెబుతాను. ఒకటి, ఇకమీదట ఏ కొలత పరికరాన్ని కొన్నా, దాని లెక్క మామూలు వ్రాతఫైలుగా వస్తుందా అని ముందే అడిగి, వ్రాతపూర్వకమైన సమాధానం తీసుకోవాలి. రెండు, పరికరంతో మాట్లాడే పద్ధతిని వివరించే పుస్తకాన్ని పరికరంతో పాటే తీసుకొని, అల్మారా అడుగున కాక గ్రంథాలయంలో ఉంచాలి. మూడు, స్టాకు రిజిస్టరులో ‘పనిచేయదు’ అని వ్రాసే ముందు ఆ పరికరాన్ని ఒక నెలపాటు విద్యార్థుల చేతికి ఇచ్చి చూడాలి. నాలుగు, మేడమీది ఉష్ణోగ్రత లెక్కను ప్రతి నెలా కాగితం మీద ముద్రించి, తెలుగు ఉర్దూ శీర్షికలతో గ్రంథాలయంలో బైండు చేయించి పెట్టాలి. వర్షమాపకం కూడా చేరితే మరీ మంచిది. వీటిలో అధిక వ్యయమైనది ఏదీ లేదు. కావలసిందల్లా అలవాటు.

విద్యార్థులారా, ఒక మాట మీకు. ఆ మూడు వారాలలో నేను గమనించింది యిది. మీలో చాలామంది తెరమీద దోష వాక్యం కనబడగానే చదువకుండా మూసివేస్తారు. ఆ వాక్యంలోనే మందు ఉంటుంది. అనుమతి లేదని యంత్రం చెప్పినప్పుడు అది మిమ్మల్ని తిట్టడం లేదు, అసలు కారణం చెబుతున్నది. పద్యానికి అర్థం తెలియనప్పుడు ప్రతిపదార్థం చూచినట్లే, ఆ వాక్యాన్ని పదం పదంగా విడదీసి చూడండి. చదవడం అన్నది సాహిత్య విద్యార్థులకు మాత్రమే సంబంధించిన విద్య కాదు.

వచ్చే ముప్పయి ఆరేళ్లలో గోదావరికి మళ్లీ పెద్ద వరదలు రావచ్చు, ఎండలు ముదరవచ్చు. అప్పుడు ఈ కళాశాలలో చదివే పిల్లలు, వెనుకటికి ఇక్కడ ఎంత వేడి ఉండేది, ఎంత వాన కురిసేది అని అడుగుతారు. వారికి మనం ఒక పుస్తకాన్ని చేతికి ఇవ్వగలగాలి. తాళంచెవి పోయిన పెట్టెను మాత్రం ఇవ్వకూడదు.